ఆ కట్ట వాళ్ల ఇంట్లోనే ఉండనివ్వండి

"అర్చకులు తాళపత్రాలను ఇళ్లలో దాచేసుకుని కవులను చీకట్లో ఉంచారు." విశాఖ సాహిత్య సభల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది. ఇళ్లలో దాచకపోతే ఆ కవులు ఉండేవారా అసలు?

శ్రీకాంత కృష్ణమాచార్యులనే తీసుకోండి. కాకతి ప్రతాపరుద్రుడి కాలపు మనిషి. మన సింహాద్రి అప్పన్న మీద నాలుగు లక్షల వచనాలు చెప్పాడని ప్రతీతి. లెక్క అతిశయోక్తే కావచ్చు, మనకు దక్కింది మాత్రం పిసరంత. అన్నమయ్య, ఆయన వంశీయులైన తాళ్లపాక వారి కీర్తనలు వేలల్లో దొరికాయంటే రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరచబట్టే. తాటాకుకు అంత ఆయుష్షు లేదు. పైగా మనది సముద్రపు గాలి: చెమ్మ, బూజు, పురుగు. ఎవరో ఒకరు నడుం వంచి, గంటం అనే ఇనుప కలం పట్టి కొత్త ఆకుల మీద ఎత్తి రాస్తేనే పాత కవి తర్వాతి తరానికి అందేవాడు. "నడుము, మెడ విరిగేలా రాశాను, జాగ్రత్తగా కాపాడండి" అని ప్రతుల చివర లేఖకులు ఊరికే మొరపెట్టుకోలేదు.

అలాగని అర్చకుల ఇళ్లలో అంతా సవ్యంగా ఉందనను. సరస్వతీ పూజ నాడు కుంకుమ, అక్షింతలు చల్లి మళ్లీ గుడ్డలో చుట్టేస్తారు. లోపల ఏ కావ్యముందో చదవగలిగిన తాతగారు పోయారు. మనవడికి ఆ గొలుసుకట్టు రాత అంతుపట్టదు. ఇక మిగిలేది భోగిమంటో, గోదావరో.

అయినా కట్ట ఇమ్మంటే ఇవ్వరు. ఎందుకిస్తారు? నాకు తెలిసిన ఒక ఇంట్లో "వారంలో తెచ్చిస్తాను" అని పట్టుకెళ్లిన పండితుడు మళ్లీ గుమ్మం తొక్కలేదు. కవిగారు అక్కడితో సరి.

కాబట్టి అడగవలసింది కట్టను కాదు, ఒక పూట సమయాన్ని. వాళ్ల అరుగు మీదే, వాళ్ల కళ్లముందే ఫోటోలు తీయండి. వెలుతురు పక్కనుంచి వాలుగా పడితే అక్షరాలు తేలడానికి పూసిన మసి చెరిగిపోయిన గంటపు గాట్లు కూడా కనిపిస్తాయి. అందంగా ఉన్న నాలుగు ఆకులు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి మురిసిపోకండి. ముక్కలైనవీ తీయండి. చివరి ఆకు అసలు వదలకండి. కవి పేరు, లేఖకుడి పేరు, సంవత్సరం తరచుగా అక్కడే ఉంటాయి. ఫోటోల ప్రతి ఒకటి ఆ ఇంటివారికి, ఒకటి ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి. నూనెలు పూయడం, టేపులు అంటించడం మీ పని కాదు, తెలిసినవారికి వదిలేయండి.

సభలో మైకు పట్టుకునేవారిలో పాత రాత చదవగలిగినవారు ఎవరైనా ఉంటే ముందు ఆ పేరు చెప్పండి. కెమెరా నేను తెస్తాను.