సరుకుకున్న మర్యాద

షాపింగ్ మాల్ కట్టేవాళ్లకు చక్రాలంటే గిట్టదని కొందరు ఆడిపోసుకుంటున్నారు. నేనొప్పుకోను. ట్రాలీనే చూడండి. బిల్లు కౌంటర్ నుంచి పార్కింగ్‌లో కారు డిక్కీ దాకా దానికి ఒక్క మెట్టు, ఒక్క గడప అడ్డురాదు. తలుపులు కూడా వాటంతటవే తెరుచుకుంటాయి. చిక్కల్లా చక్రాల మీద సరుకు బదులు మనిషి కూర్చున్నప్పుడే.

మనిషైతే ర్యాంపు వెతుక్కోవాలి. అది భవనం వెనక, చెత్త డబ్బాల పక్కన, జనరేటర్ హోరు మధ్య ఉంటుంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవున వాలు ఉండాలని లెక్క. అంటే మూడడుగుల ఎత్తుకు 36 అడుగులు. అంత చోటుంటే రెండు షాపులు అద్దెకివ్వొచ్చు కదా! అందుకే ఎనిమిది అడుగుల్లో తేల్చేశారు. ఎక్కేటప్పుడు పర్వతారోహణ, దిగేటప్పుడు జారుడుబల్ల. టికెట్ పెట్టకపోవడం యాజమాన్యం పెద్దమనసు.

చూపులేనివారు పాదంతోనో కర్రతోనో దారి తెలుసుకునేలా ఉబ్బెత్తు పలకలను జపాన్‌లో సేయిచి మియాకె 1965లో రూపొందించాడు. 1967లో ఒకాయామాలో తొలిసారి పరిచారు. గీతలుంటే సాగిపొమ్మని, చుక్కలుంటే ఆగి జాగ్రత్తపడమని అర్థం. పాపం, ఆయనకు అంతవరకే తట్టింది. మన మాల్ మూడో సంకేతం కనిపెట్టింది: గీతల మీదే నడుస్తూ నుదురు బోర్డుకు కొట్టుకుంటే, అక్కడ సేల్ నడుస్తోందని అర్థం.

లిఫ్టు బటన్ల మీద బ్రెయిలీ ఉంది. దాని మీద కళ్లజోళ్ల ప్రకటన అంటించారు.

టాయిలెట్ సంగతి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ, కింద తాళం. తాళంచెవి ఉన్నాయన భోజనానికెళ్లాడు. అరగంటకు వచ్చి తీస్తే, కుర్చీ తిరగడానికి వదిలిన 1,500 మిల్లీమీటర్ల ఖాళీలో బకెట్లు, చీపుళ్లు, పోయిన పండగ తాలూకు థర్మోకోల్ తోరణం. పట్టుకుని లేవడానికి గోడకు బిగించిన కడ్డీ మీద తడి తుడుపుగుడ్డ ఆరుతోంది. ఆ గుడ్డకు ఏ ఇబ్బందీ లేదు, ఆసరా గట్టిగా ఉంది.

కాబట్టి నాదో సూచన. చక్రాల కుర్చీలో వచ్చేవారు చొక్కాకు ఒక బార్‌కోడ్ అంటించుకుంటే సరి. సెక్యూరిటీ అతను ఎలాగూ చివరికి చూపించేది సరుకుల లిఫ్టే. రాచమార్గంలో నాలుగు అంతస్తులూ తిరిగి రావచ్చు. నాకున్న టెన్షనల్లా ఒక్కటే: బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర బిల్లు చూపించమంటారేమో.