నడినెత్తి పలచబడితే వంశపారంపర్యమేనా? ఒక ఫార్వర్డ్‌కు ఖండన

విశాఖ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈమధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘నడినెత్తి పలచబడితే అది వంశపారంపర్యం, డాక్టరు అక్కర్లేదు. దురద ఉంటే చుండ్రు. బయాప్సీ అంటే డబ్బు గుంజడానికే. ఉల్లిరసం రాయండి, సింహాచలంలో గుండు చేయించండి, ఒత్తుగా వస్తుంది. ఏదీ కుదరకపోతే ట్రాన్స్‌ప్లాంట్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు.’ బోరు నీళ్ల మీద మాత్రం నింద వేయలేదు, అదొక్కటే నయం.

మొదటి మాట చాలామంది విషయంలో నిజమే. అందుకే మిగతావి కూడా నమ్మబుద్ధేస్తాయి. మామూలు బట్టతలలో హార్మోన్ల ప్రభావంతో వెంట్రుక ఏటికేడు సన్నబడి, పొట్టిదవుతుంది. కుదురు చిన్నదవుతుంది గానీ చాలాకాలం బతికే ఉంటుంది. కానీ సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో జుట్టును తీసుకుపోయే ఇంకో జబ్బు ఉంది. జ్యూరిక్‌కు చెందిన జింకర్‌నాగెల్, ట్ర్యూబ్ అనే వైద్యులు 2000లో 19 మంది రోగులను పరిశీలించి దాన్ని విడిగా వర్ణించారు. పేరు చాంతాడంత: ఫైబ్రోసింగ్ అలోపీషియా ఇన్ ఏ ప్యాటర్న్ డిస్ట్రిబ్యూషన్, అంటే బట్టతల ఆకారంలోనే మచ్చకడుతూ జుట్టు పోవడం. ఇందులో కుదురు పైభాగం చుట్టూ వాపు చేరుతుంది. వెంట్రుకను మళ్లీ మళ్లీ మొలిపించే మూలకణాలు ఉండేది అక్కడే. అవి పోతే కుదురు ఉన్నచోట మచ్చ కడుతుంది, ఇక అక్కడ వెంట్రుక రాదు. రెండు జబ్బులూ ఒకే తల మీద కలిసి ఉండొచ్చు కూడా. కాబట్టి ‘మా నాన్నకీ ఇలాగే ఉండేది’ అన్నంత మాత్రాన రెండోది లేదని కాదు.

తేడా ఎలా తెలుస్తుంది? బాల్కనీలో పగటి వెలుతురులో పాపిడి తీసి, ఇంట్లో ఎవరిచేతనైనా ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫొటో తీయించండి. మామూలు బట్టతలలో సన్నవీ లావువీ వెంట్రుకలు కలిసి కనిపిస్తాయి, చర్మం మీద రంధ్రాలు ఉంటాయి. మచ్చకట్టే రకంలో కొన్నిచోట్ల చర్మం నున్నగా మెరుస్తూ, రంధ్రమన్నదే లేకుండా ఉంటుంది. పక్కనున్న వెంట్రుకల మొదట్లో తెల్లటి పొట్టు గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, చుట్టూ ఎర్రదనం. మన చర్మం మీద ఆ ఎరుపు సరిగ్గా తెలియదు, గోధుమ రంగుగానో ఊదాగానో కనబడుతుంది. ఫొటోతో జబ్బు తేలదు. చర్మవ్యాధుల డాక్టరు డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దది చేసి చూపే పరికరం) పెట్టి చూడాల్సిందే.

చుండ్రు సంగతి. చుండ్రు పొట్టు తలంతా పరుచుకుని, దువ్వితే భుజాల మీద రాలుతుంది. మచ్చకట్టే జబ్బులో పొట్టు వెంట్రుక మొదలును వదలదు. దురదతోపాటు మంట, ముట్టుకుంటే నొప్పి ఉండొచ్చు. ఏ బాధా లేనివాళ్లూ ఉంటారు, వాళ్లే ఆలస్యంగా వస్తారు.

ఆడవాళ్ల విషయం ఫార్వర్డ్‌లో లేనే లేదు. ఆడవాళ్లలో మామూలుగా పాపిడి వెడల్పవుతుంది గానీ నుదుటి దగ్గరి అంచు నిలుస్తుంది. ఆ అంచే వెనక్కి జరుగుతూ, కనుబొమలు కూడా పలచబడుతుంటే ఇలాగే మచ్చకట్టే కోవకు చెందిన ఇంకో జబ్బును అనుమానించాలి. దాన్ని 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు కొస్సార్డ్ నెలసరి ఆగిపోయిన ఆరుగురు స్త్రీలలో గుర్తించి రాశారు. మన ఇళ్లలో అయితే ‘వయసు మీద పడింది కదమ్మా’ అని సరిపెట్టేస్తారు.

బయాప్సీ అంటే తల కోసేస్తారన్న భయం వదిలేయండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పరీక్ష కోసం సుమారు 4 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, ఒకటో రెండో కుట్లు వేస్తారు. అయితే ఎక్కడ తీశారన్నది ముఖ్యం. నున్నబడిన నడిమధ్య తీస్తే ఉత్త మచ్చే దొరుకుతుంది. జబ్బు నడుస్తున్న అంచున, ఇంకా వెంట్రుకలున్న చోట తీయాలి. అందరికీ ఇది అవసరం లేదు, అనుమానం ఉన్నవాళ్లకే. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకు విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉండనే ఉంది.

గుండు విషయానికొస్తే, అప్పన్న స్వామికి తలనీలాలివ్వడం భక్తి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే కోస్తుంది, కింది కుదురుకు ఆ సంగతే తెలియదు. ఒక ఉపయోగం మాత్రం ఉంది: నాలుగు రోజులకు తలంతా నల్లటి చుక్కలు పొడుచుకొస్తాయి, కుదుళ్లు చచ్చినచోట చుక్క ఉండదు. ఉల్లిరసంతో చచ్చిన కుదురు తిరిగి రాదు. పైగా మంటెక్కిన చర్మాన్ని అది ఇంకా రేపొచ్చు.

వీటన్నిటిలో ఖరీదైన అబద్ధం ‘ట్రాన్స్‌ప్లాంట్ ఎప్పుడైనా’ అన్నది. జబ్బు నడుస్తుండగా నాటితే కొత్త కుదుళ్లనూ అదే వాపు తినేయొచ్చు, నాటడమే జబ్బును రేపొచ్చు. జబ్బు పూర్తిగా సద్దుమణిగి కనీసం ఒకటి రెండేళ్లు అలాగే ఉంటేనే చాలామంది వైద్యులు దాని గురించి ఆలోచిస్తారు, అప్పుడు కూడా ఫలితానికి హామీ ఉండదు. ముందు చేయాల్సింది వాపును ఆపడం: స్టెరాయిడ్ లోషన్లు, తలలోకి ఇచ్చే చిన్న ఇంజెక్షన్లు, డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్రలు. ఈ చివరిది దీర్ఘకాలం వాడితే కళ్ల పరీక్షలు తప్పవు. మామూలు బట్టతల కూడా కలిసి ఉంటే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటివి జోడిస్తారు. గర్భిణులు ఫినాస్టరైడ్ వాడకూడదు. మచ్చకట్టిన చోట పోయిన జుట్టు ఈ మందులతో రాదు. ఉన్నది నిలబెట్టడానికే ఇవన్నీ, అందుకే నెలల ఆలస్యం కూడా నష్టమే.

ఇప్పటికే ఏదైనా క్లినిక్‌లో అడ్వాన్స్ కట్టడానికి సిద్ధపడి ఉంటే, కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: నా తలను డెర్మోస్కోప్‌తో ఎవరు చూశారు? మచ్చకట్టే రకం కాదని ఏం చూసి తేల్చారు?