పుట్టుకతోనే చెడ్డవాళ్లా? డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో జాతుల తగువు

2016లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం 'వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్' ప్రకారం ఆర్క్ అనే కల్పిత జాతి పాత్ర తీసుకున్న ఆటగాడు ముందు మూడు అంకెలు రాసుకోవాలి. బలానికి రెండు కలపాలి, ఒంటి గట్టిదనానికి ఒకటి కలపాలి, తెలివిలో రెండు తీసెయ్యాలి. కథ ఇంకా మొదలే కాలేదు. ఆ ఆర్క్ ఎక్కడ పెరిగాడో, ఏం నేర్చుకున్నాడో ఎవరూ అడగలేదు. ఆర్క్ కడుపున పుట్టాడు కాబట్టి తెలివి తక్కువ, అంతే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు, ఎటూ తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆ లోకంలో ఎవరు ఎలాంటివాళ్లో చెప్పేది రూల్ బుక్. కొన్నేళ్లుగా నడుస్తున్న తగువంతా దాని మీదే.

చాలామంది దీన్ని బొమ్మల గొడవ అనో, మాటల గొడవ అనో కొట్టిపారేస్తారు. అసలు చిక్కు అంకెల్లో ఉంది. సినిమాలో ఒక జాతిని మొద్దులుగా చూపిస్తే చూసేవాడు నమ్మకుండా ఉండొచ్చు. ఆటలో ఆ వెసులుబాటు లేదు. మైనస్ రెండు అని రాసి ఉంటే పాచిక పడిన ప్రతిసారీ అది నిజమై కూర్చుంటుంది. పైగా 'అలైన్‌మెంట్' అనే గుణముద్ర ఒకటి. ఆటలోని వింత జీవుల వివరాలుండే 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఆర్క్ పేరు కిందే 'కేయాటిక్ ఈవిల్', అంటే కట్టుబాట్లు లేని దుష్టుడు, అని ఉంటుంది. కావాలంటే డంజన్ మాస్టర్ మార్చుకోవచ్చని అదే పుస్తకం చెప్పింది, నిజమే. మార్చకపోతే మాత్రం ఉండేది ఆ ముద్రే.

పుట్టుకను బట్టి గుణం రాసిపెట్టే పుస్తకం మనకేం కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో, ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది తర్వాతి మాట, రిజిస్టర్‌లో పేరుంటే పోలీసులకు హాజరు చెప్పుకోవాల్సిందే. 1952లో చట్టం రద్దయినా ఊరి పేరు చెబితే 'దొంగలు' అనే మాట ఇంకా నోటికొచ్చేస్తుంది. ఇది తెలిసినవాళ్లు 'ఆటే కదా' అని అంత తేలిగ్గా అనలేరు.

విస్తానీల సంగతి ఇంకా సూటిది. 1983 నాటి 'రావెన్‌లాఫ్ట్' సాహసకథలో గుర్రపు బళ్లలో తిరిగే, జోస్యం చెప్పే, శాపాలు పెట్టే సంచార 'జిప్సీ'లు ఉన్నారు. తర్వాత విస్తానీలయింది వాళ్లే. యూరప్‌లో రోమా జనం మీద ఏ నిందలు వేశారో అవన్నీ వీళ్ల మీదా ఉన్నాయి. రోమా పూర్వీకులు వెయ్యేళ్ల కిందట మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లు. నాజీలు వాళ్లను లక్షల్లో చంపారు. అలాంటి జనాన్ని రక్తపిశాచి ప్రభువుకు ఊడిగం చేసే తాగుబోతులుగా 2016లో ఆ కథకే కొత్త రూపమైన 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' మళ్లీ అచ్చేసింది. 2020 జూన్‌లో ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ తప్పు ఒప్పుకుని, రోమా సలహాదారును పెట్టుకుని ఆ భాగాలు సరిచేస్తామంది. ఆర్క్ తెలివికి పెట్టిన కోత కూడా ఆ ఏడాదే పోయింది.

ఎదుటివాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఆర్క్‌లు లోకంలో లేరు. ఆర్క్‌ను చూడగానే మీకు నల్లజాతి గుర్తొస్తే ఆ దోషం మీ కళ్లదే అంటారు. కానీ ఆర్క్‌లకు నేటి రూపమిచ్చిన, 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీనే 1958 నాటి లేఖలో వాళ్ల ముఖాలను మంగోలు పోలికలతో వర్ణించాడు. 2022లో వచ్చిన ఈ ఆట పుస్తకం 'స్పెల్‌జామర్' సంగతి చూడండి. హడోజీలు కోతి జాతి. ఒక మాంత్రికుడు వాళ్లను పట్టి, మందు తాగించి తెలివి తెప్పించి, బానిసలుగా అమ్మబోతాడు. వాళ్లను విడిపించేది కూడా ఆ మాంత్రికుడి శిష్యులే. అమెరికాలో నల్లవాళ్లను కోతులతో పోల్చిన చరిత్ర తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాలా? కొన్ని వారాల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పి ఆ కథను తీసేసింది. కల్పనకు పునాది రాళ్లు ఈ లోకంవే.

అమెరికా వాళ్లను అంటూ మనల్ని మనం వదిలేసుకుంటే ఎలా? 2015లో 'బాహుబలి' మొదటి భాగంలో యుద్ధానికొచ్చిన కాలకేయులు ఎవరు? ఒంటికి నల్లరంగు, అర్థం కాని కిలికి భాష, ఆడవాళ్ల మీద కన్ను. మనకు ఆర్క్‌లు వాళ్లే. నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే, యుద్ధం బాగా తీశారు మరి. ఆ తెగలో ఒక్క మంచివాడైనా ఉంటాడా అన్న ప్రశ్నకు ఆ కథలో చోటు లేదు.

అలాగని నిషేధాలు పరిష్కారం కాదు. మనోభావాలు దెబ్బతిన్నాయని పుస్తకాలు మాయం చేయించే అలవాటు మన దగ్గర ఎంత దూరం పోయిందో చూస్తున్నాం. జపాన్, చైనాలను ఒకే గంపలో వేసిన 1985 నాటి 'ఓరియంటల్ అడ్వెంచర్స్' అమ్మకం ఆపాలని 2020లో డిమాండ్ వచ్చింది. కంపెనీ ఆపలేదు, పాత పుస్తకాలకు హెచ్చరిక తగిలించింది. అమ్మకం ఆపకపోవడం సరైనదే. కానీ హెచ్చరిక అన్నిటికంటే చవకైన పని. డబ్బులూ వస్తాయి, చేతులూ కడుక్కోవచ్చు.

ఖర్చయ్యే పని రాసేవాళ్లను మార్చడం. రావెన్‌లాఫ్ట్ కథాలోకంలో 'శ్రీ రాజి' అనే భారతీయ ఛాయల పాత ప్రాంతం ఉండేది, అడవి, దాన్నేలే రాక్షసుడు. 2021లో రచయిత అజిత్ జార్జ్ దాన్ని 'కలకేరి'గా తిరగరాశారు. ఇప్పుడక్కడ ఏలేది రమ్య అనే మహారాణి, పోరు సింహాసనం కోసం తోబుట్టువుల మధ్య. చెడు ఎక్కడికీ పోలేదు, అయితే దానికో కారణం దొరికింది. 2022లో 'రేడియంట్ సిటడెల్' సంకలనానికి రచయిత్రి మిమి మొండల్ బెంగాల్ నేపథ్యంతో ఒక సాహసకథ రాశారు. ఏ హెచ్చరికా చేయలేని పని ఇది.

మిగిలిన చిక్కు రాక్షసుడితోనే. 1977 మాన్‌స్టర్ మాన్యువల్ నుంచీ రాక్షసుడంటే పులి తల, దర్జా బట్టలు, చేతిలో పొగ గొట్టం. మంత్రించిన క్రాస్‌బో బాణం తగిలితే చస్తాడు. ఆ కిటుకు ఏ పురాణంలోదీ కాదు, 1974 నాటి 'కోల్చాక్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోది. 2025 మాన్యువల్‌లో ఆర్క్‌లకు పేజీ లేదు, వాళ్లిప్పుడు ఆటగాళ్లు ఎంచుకునే జాతి. రాక్షసుడికి మాత్రం పేజీ ఉంది, 'ఫీండ్' అన్న వర్గం కింద. ఫీండ్ అంటే చెడుకు ప్రతిరూపం, మినహాయింపు అక్కర్లేదని లెక్క. విభీషణుడు, ఘటోత్కచుడు తెలిసిన మనకు ఈ లెక్క ఒప్పదు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఆడుకునే తెలుగువాళ్లు హిడింబి కొడుకును ఆటగాడి పాత్రగా రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓరియంటల్ అడ్వెంచర్స్‌ను హెచ్చరిక తగిలించి అమ్ముతున్న డీఎమ్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అంగడిలోనే దాన్ని అమ్మకానికి పెట్టుకోవచ్చు కూడా.