పైసలు పట్టాకు, అప్పులు కౌలుదారుకు

తెలంగాణలో పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే పైసలకు బీఆర్ఎస్ పెట్టిన పేరు రైతుబంధు, కాంగ్రెస్ పెట్టిన పేరు రైతు భరోసా. ఏది గొప్పదని రెండు పార్టీల వాళ్లు రోజూ కొట్టుకుంటున్నారు. నాకైతే పెద్ద తేడా కనబడదు. 2018లో ఎకరానికి సీజన్‌కు 4 వేలతో మొదలైంది, తర్వాత 5 వేలయింది, 2025 జనవరిలో 6 వేలు చేశారు. సాగుకు పనికిరాని భూములు తీసేస్తామన్నారు, మంచిదే. కానీ పైసలు పడేది ఇప్పటికీ పట్టాదారు అకౌంట్‌లోనే. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకు కూడా ఇస్తామని కాంగ్రెస్ అన్న మాట ఎటు పోయిందో!

మా ఇంటి సంగతే చెప్తా. మా నాన్న రిటైర్డ్ టీచర్, ఆయన పేరు మీద నాలుగెకరాల చెలక ఉంది. పింఛను వస్తుంది కాబట్టి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌కు ఆయన అర్హుడు కాదు. రాష్ట్రం ఇచ్చేదానికి మాత్రం ఆ అడ్డు లేదు. మేముండేది హైదరాబాద్‌లో, వనస్థలిపురంలో. ఊళ్లో ఆ చెలకను కౌలుకు తీసుకుని పత్తి పెట్టేది నేను కాకా అని పిలిచే ఆయన. విత్తనం, మందులు, కలుపు కూలీ, పత్తి ఏరే కూలీ అన్నీ ఆయనవే. సీజన్ మొదట్ల మా నాన్న ఫోన్‌కు పైసలు పడ్డట్టు మెసేజ్ వస్తుంది, కాక ఎరువుల షాపు ముందు ఉద్దెర కోసం నిలబడతాడు.

పత్తి అమ్మేటప్పుడు చూడాలి తమాషా. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ. దాని కేంద్రంలో భూమి పాస్‌బుక్ కావాలి, ఆధార్ కావాలి. కౌలుదారు దగ్గర పాస్‌బుక్ ఎక్కడిది? పట్టాదారు పేరు మీద అమ్మితే పైసలు ఆయన అకౌంట్‌లో పడతాయి, మళ్లీ ఆయన చుట్టూ తిరగాలి. ఆ తిప్పలెందుకని చాలామంది మద్దతు ధర వదులుకుని ఊళ్లోకొచ్చిన దళారీకే కాంటా పెట్టించుకుంటారు. తేమ ఉందని ఆయన కోసేది వేరే.

రైతు బీమా గురించి అసలు మాట్లాడరు ఎందుకో. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. అప్పులు భరించలేక కౌలు రైతు మందు తాగితే ఆ ఇంటికి ఈ బీమా రాదు.

ఇక ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసిన భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు. కాకకు సొంతంగా పది గుంటలు, అంటే పావెకరం ఉంది. కాబట్టి ఆయన భూమి లేనోడు కాదు! పది గుంటలకు సీజన్‌కు 1,500 వస్తుంది, అంతే. వందెకరాలున్నాయనకు సీజన్‌కు 6 లక్షలు, ఎందుకంటే పైన పరిమితి లేదు.

కౌలుదారును గుర్తించడం కష్టమట. 2011లో అధీకృత సాగుదారుల చట్టం చేశారు కదా? కౌలుదారుకు ఏడాదికోసారి కార్డు ఇవ్వాలని అందులో ఉంది, దానితో భూమి మీద ఏ హక్కూ రాదని కూడా అందులోనే రాసి ఉంది. అయినా పట్టాదార్లకు భయం. పాత రోజుల్లో చట్టం రక్షణ ఉన్న కౌలుదారుల (రక్షిత కౌలుదారులు) పేరు మీదికే పట్టాలు మారిపోయిన కథలు మా ముసలోళ్లు ఇంకా చెప్పుకుంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ భయం పోగొట్టే పని ప్రభుత్వానిది, దాన్ని సాకుగా పెట్టుకుంటే ఎట్లా? పంట నమోదుకు మా ఊరికొచ్చిన సారు ఏ సర్వే నంబర్లో ఏ పంట అని రాసుకుని పోయాడు. వేసింది ఎవరని అడిగితే ఏం పోయేది?

కింద కామెంట్లలో "మరి మీకొచ్చేది మీరు వదులుకోండి" అంటారని తెలుసు. కౌలులో ఆ పైసలు తగ్గించే తీసుకుంటున్నాం. కానీ అది కేవలం మా నాన్న దయ. రేపు అన్నదమ్ములం పంచుకుంటే ఆ చెలక మా అన్నకు పోవచ్చు. "కౌలు కౌలే, భరోసా భరోసానే" అని ఆయన ఇప్పటికే అంటున్నాడు. అప్పుడు కాక ఏ కాయితం పట్టుకుని ఏ ఆఫీసుకు పోవాలి?