గొడుగు పుల్ల ఊడితే కొత్త గొడుగా?

మొన్న అమీర్‌పేటలో వాన దంచికొట్టింది. నా గొడుగుకి ఒక్క పుల్ల ఊడింది, అంతే. బాగుచేసేవాళ్ళ కోసం మూడు గల్లీలు తిరిగా. ఒక షాపతను తెరిచి కూడా చూడకుండా "కొత్తది తీసుకో అన్నా, రెండొందల యాభై" అన్నాడు. పుల్ల ఊడితే గొడుగే పారేయాలా? మా ఊళ్ళో తొలకరి పడగానే సైకిల్ వెనక పాత గొడుగుల కట్ట వేసుకుని ఒక తాత వచ్చేవాడు. మా అరుగు మీద కూర్చుని, పాత గొడుగులోంచి పుల్ల లాగి, సన్నటి తీగతో బిగించి, గుడ్డ కుట్టి, దారం పళ్ళతో తెంపేవాడు. గుడ్డ చిరగాలే గానీ ఆ కుట్టు ఊడేది కాదు.

తడిసినందుకు జలుబు. ఫోన్‌లో శొంఠి ఆర్డర్ పెడితే అందమైన డబ్బాలో పొడి వచ్చింది. వాసన సున్నా. నాకు కొమ్ము కావాలయ్యా, సాన మీద అరగదీసి నుదుటికి పట్టేస్తే చుర్రుమనే కొమ్ము! అప్పట్లో సందు చివర కొట్లో చిల్లర పైసలకే శొంఠి, మిరియాలు కాగితప్పొట్లం కట్టిచ్చేవారు. ఇప్పుడు ముక్కు చీదుకుంటూ బేగంబజార్ దాకా పోవాలట.

జిందా తిలిస్మాత్ ఉంది కాబట్టి బతికా. 1920 నుంచి మన హైదరాబాద్ సరుకే. యూకలిప్టస్ నూనె, కర్పూరం, ఆ ఘాటే వేరు. వేణ్ణీళ్ళలో నాలుగు చుక్కలేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టా. ముక్కు తెరుచుకుంది. గొడుగు మాత్రం తలుపు వెనక రెక్క వాల్చుకుని అలాగే వేలాడుతోంది.