ఎంజైమ్‌ను డిగ్రీలతో కాదు, గంటలతో కొలవాలి

కంప్యూటర్ సాయంతో ఎంజైమ్‌ను, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రోటీన్‌ను మార్చి, దాని మడత విడిపోయే ఉష్ణోగ్రతను పదో ఇరవయ్యో డిగ్రీలు పెంచామనే వార్తలు తరచుగా వస్తున్నాయి. పరిశోధన గొప్పదే. కానీ ఆ డిగ్రీలనే విజయంగా చూపించడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

నీళ్ల సీసాల్లో వాడే పెట్ ప్లాస్టిక్‌ను విడగొట్టే ఎంజైమ్‌లనే తీసుకుందాం. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ప్లాస్టిక్ మెత్తబడి, దాని అణువుల గొలుసులు ఎంజైమ్‌కు అందుతాయి. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన ఐడియోనెల్లా సకాయెన్సిస్ బ్యాక్టీరియా ఎంజైమ్ ఆ వేడిలో నిలవదు. 2020లో ఫ్రాన్స్ బృందం ఆకుల కంపోస్టు నుంచి వచ్చిన వేరే ఎంజైమ్‌ను ఎంచుకుంది. అందులో కాల్షియం అతుక్కునే చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు) రెండు పెట్టి, వాటి మధ్య మడతను కుట్టులా పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధం వేసింది. అంతటితో ఆగలేదు, పనిచేసే గాడిలోనూ, అంటే ప్లాస్టిక్ గొలుసు వచ్చి కూర్చుని తెగే చోటా మార్పులు చేసింది. ఫలితంగా 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో 90 శాతం పెట్ విడిపోయింది. నాకు నచ్చింది ఈ చివరి లెక్క. ఎంత వేడిలో, ఎంతసేపట్లో, ఎంత పని జరిగిందో అది చెబుతోంది.

కంప్యూటర్ ఎందుకు కావాలో సులువుగానే అర్థమవుతుంది. 300 అమైనో ఆమ్లాల ఎంజైమ్‌లో ఒక్కో చోట మిగతా 19 రకాల్లో ఏదైనా పెట్టొచ్చు కాబట్టి, ఒకే ఒక్క మార్పుకే 5,700 అవకాశాలున్నాయి. రెండేసి కలిపితే కోటీ అరవై లక్షలు దాటుతాయి. రోసెట్టా, ఫోల్డ్‌ఎక్స్ లాంటి ప్రోగ్రాములు ప్రతి మార్పుకూ మడత శక్తి (మడత ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే లెక్క) ఎంత మారుతుందో అంచనా వేస్తాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన ప్రాస్ పద్ధతి, పరిణామంలో బంధు ప్రోటీన్లు ఆ చోట ఏం నిలుపుకున్నాయో కూడా చూస్తుంది.

చిక్కు ఎక్కడంటే, పనిచేసే గాడికి కాస్త కదలిక కావాలి. అక్కడి అమైనో ఆమ్లాలు చాలాసార్లు పనికోసం స్థిరత్వాన్ని వదులుకున్నవే. మడత శక్తి ఒక్కటే చూసే ప్రోగ్రాము వాటిని లోపాలుగా లెక్కగట్టి 'సరిచేయమంటుంది'. అలా చేస్తే ఎంజైమ్ గట్టిపడుతుంది, పని మాత్రం ఆగిపోతుంది. పైగా మడత విడిపోయే ఉష్ణోగ్రతను కొలవడానికి నిమిషాలు చాలు. రియాక్టర్‌లో గంటల తరబడి వేడిలో ఉన్నప్పుడు విచ్చుకున్న ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు రసాయనికంగా చెడిపోతాయి. ఆ నష్టాన్ని డిగ్రీల లెక్క చూపించదు.

అందుకే ఇలాంటి ప్రతి పరిశోధన పత్రంలోనూ పనిచేసే వేడిలో ఎంజైమ్ అర్ధాయువు (పనితనం సగానికి పడిపోవడానికి పట్టే సమయం), పని వేగం తప్పనిసరిగా ఉండాలి. పరీక్షలో విఫలమైన మార్పుల జాబితానూ ప్రచురించాలి. ఫలించిన మార్పులనే చూపిస్తూ నేర్పిన కంప్యూటర్ మోడల్, ఏది ఎంజైమ్‌ను పాడుచేస్తుందో సరిగ్గా చెప్పలేకపోతుంది.