నూటికి ఇరవైమూడు పైసల అడవి

ముందుగా మన ఆంధ్రప్రదేశ్ శాసనసభకి నా హృదయపూర్వక అభినందనలు. మా డాబా మీద ఒక్క కరివేపాకు మొక్కకి నేను రోజూ నీళ్లు పోస్తున్నా, బియ్యం కడిగిన నీళ్లతో సహా, అది ఎండిపోతోంది. మన సభ మాత్రం పెద్దగా ఏమీ పొయ్యకుండానే 37,258 చదరపు కిలోమీటర్ల అడవిని రికార్డుల్లో ఉంచుకొస్తోంది. రాష్ట్ర భూభాగంలో అది సుమారు 23 శాతం. ఈ విద్య తెలియకే మా కరివేపాకు పోయింది.

విద్య ఏమిటో బడ్జెట్ చూస్తే తెలుస్తుంది. 2024-25కి రాష్ట్ర బడ్జెట్ 2,94,427 కోట్లు. అందులో పర్యావరణ, అటవీ శాఖ వాటా 687 కోట్లు. మా అమ్మాయి ఫోన్లో నొక్కి చూపించింది, నూరు రూపాయలకి 23 పైసలు. అంటే నూరెకరాల్లో 23 ఎకరాలు అడవి, నూరు రూపాయల్లో 23 పైసలు అడవికి. అంకె చూడండి, ఎక్కడా తప్పలేదు! ఎకరం కాస్తా పైసా అయిందంతే. ఇంత లెక్క తెలిసినవాళ్లని పట్టుకుని అడవి మీద శ్రద్ధ లేదంటారేమిటో జనం.

ఒక్కటే చిక్కు. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఇప్పుడు ఎవరైనా నిజాయితీగా నూరు రూపాయలు విడదీసి అడవి వాటా అడవి చేతిలో పెడదామనుకున్నా, పెట్టడానికి బిళ్ల లేదు. ఉన్నా రెండు పైసలు తిరిగివ్వాలి.

సరే, డబ్బు చాలదనుకోండి. పెంచమని మన ఎమ్మెల్యే గారిని అడగొచ్చు కదా? నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత రాజ్యాంగం 203వ అధికరణం చదివాను (రిటైరైనవాడికి ఇంకేం పని). ఏ శాఖ పద్దు, అంటే ఏడాది ఖర్చుకి అడిగే డబ్బు, వచ్చినా సభ దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచే మాట అందులో లేదు. ఎమ్మెల్యేకి అడవి మీద ప్రాణం లేచొచ్చేంత ప్రేమ ఉన్నా ఆ పద్దుకి ఒక్క రూపాయి కలపలేడు. మరి ఆ ప్రేమ సభలో ఎలా చూపించాలి? దానికో దారి ఉంది, దాని పేరు కోత తీర్మానం. ఈ పద్దులో నూరు రూపాయలు తగ్గించాలని తీర్మానం పెడితే, ఆ వంకతో లేచి మాట్లాడొచ్చు. అడవి గురించి మాట్లాడాలంటే ముందు కోత మొదలెట్టాలన్నమాట. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో కానీ బాగా ఆలోచించే పెట్టాడు.

మాట్లాడే అవకాశం వస్తుందా అంటే, అదీ పద్దు అదృష్టం. పోలీసు, నీటిపారుదల, రెవెన్యూ లాంటి పెద్ద పద్దులు ముందు కూర్చుంటాయి, వాటి మీద కేకలు, వాకౌట్లు, మైకు కట్లు అన్నీ అయ్యేసరికి కేటాయించిన రోజులు అయిపోతాయి. మిగిలినవన్నీ చర్చ లేకుండా ఒక్క దెబ్బకి ఓటుకి పెడతారు, దాన్నే గిలెటిన్ అంటారు. అవును అనేవాళ్లు అవునంటారు, అయిపోయింది. ఒక మద్దిచెట్టు ఎదగడానికి యాభై ఏళ్లు పడుతుంది, దాని ఏడాది జీతభత్యాలు తేలడానికి ఆవులింత చాలు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన ప్రభుత్వాల దృష్టిలో కొండ ఒకటి కాదు, రెండు. కొండ మీద చెట్టుంటుంది కాబట్టి పైభాగం అటవీ శాఖది, అది ఖర్చు. కొండ లోపల రాయో బాక్సైటో ఉంటుంది కాబట్టి ఆ భాగం గనుల శాఖది, అది తవ్వకం మీద వసూలయ్యే సీనరేజి, రాయల్టీ, రాబడి. ఒకే కొండ, నెత్తి మీద అప్పు, కడుపులో ఆస్తి. ఏ ఇంట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే బంధువుల చూపు ఎటు పోతుందో మీకు తెలుసు. 2015 నవంబరు 5న జీవో 97 వచ్చింది గుర్తుందా? అప్పటికి మా జిల్లాలోనే ఉన్న చింతపల్లి వైపు, జెర్రెల దగ్గర 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థకి బాక్సైట్ కోసం ఇస్తూ. మన్యం లేచి కూర్చుంది, జీవో మూల పడింది, చివరికి 2019లో ఆ లీజులు రద్దయ్యాయి. అంతకుముందే, 1997లో, సమత కేసులో సుప్రీంకోర్టు గిరిజన ప్రాంతాల్లో గని తవ్వితే లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం కోసం పక్కన పెట్టాలని చెప్పి ఉంది. ఇరవై శాతం! నూటికి 23 పైసలకి అలవాటుపడ్డ చేతులకి ఆ అంకె చదువుతుంటేనే వణుకు పుట్టి ఉంటుంది.

అడవికి అసలు డబ్బే రాదని కాదండోయ్. వస్తుంది. అడవి పోయినప్పుడు వస్తుంది. రోడ్డుకో, గనికో, కరెంటు లైనుకో అటవీ భూమి ఇస్తే, తీసుకున్నవాళ్లు పరిహారం కట్టాలి. దీనికి సుప్రీంకోర్టు 2002లో దారి వేసింది, 2016లో చట్టం వచ్చింది, ఆ నిధిలో 90 శాతం రాష్ట్రాలకి, 10 శాతం కేంద్రానికి. 2019 ఆగస్టులో కేంద్రం 27 రాష్ట్రాలకి కలిపి 47,436 కోట్లు పంచింది. వినడానికి పండగలా ఉంది కదా, కాని ఒక్క నిమిషం ఆగి ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచిస్తే, ఇంటాయన పోయాక వచ్చిన ఎల్‌ఐసీ సొమ్ముతో ఆయనకే కొత్త చొక్కా కుట్టించినట్టుంటుంది.

ఆ పరిహారంలో పెద్ద ముక్క, అడవి నికర విలువ అని కట్టించుకునేది. 2022లో సవరించిన రేట్ల ప్రకారం, అభయారణ్యాలు, జాతీయ పార్కులు వదిలేస్తే, మహా చిక్కటి, మహా విలువైన అడవికి కూడా హెక్టారుకి 15 లక్షల 95 వేల చిల్లర. విశాఖవాడిని కదా, మాకు హెక్టార్లు అర్థం కావు, గజాల్లోకి మార్చుకున్నాను. హెక్టారు అంటే దాదాపు 11,960 గజాలు. గజం 133 రూపాయలు! పులి, అలుగు, ఊట గెడ్డ, వందేళ్ల చెట్టు అన్నీ కలిపి. మా ఎంవీపీ కాలనీలో ఆ పదహారు లక్షలు పట్టుకెళ్తే బ్రోకరు కుర్రాడు ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత అద్దెకి చూడమంటాడు.

మా ఊరి జూలో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఒకటుంది, డబ్బు కడితే ఏనుగో నెమలో కొన్నాళ్లు మీ పేరు మీద తింటుంది. ఆ పథకంలోకి ఏకంగా అటవీ శాఖనే చేర్చమని నా మనవి. బోనొకటి కట్టి, ముందు బోర్డు పెట్టి, ఆహారపు అలవాట్ల దగ్గర "వోచర్లు, మెమోలు" అని రాస్తే సరిపోతుంది. పిల్లలు ఫొటోలు కూడా దిగుతారు.

ఇక కాలం సంగతి. మొక్కకి జూన్ తెలుసు, ఖజానాకి మార్చి తెలుసు, ఈ ఇద్దరికీ పరిచయం లేదు. వేసవి మంటలు కొండెక్కకుండా ఫైర్ లైన్లు ఎండలు ముదరకముందే గీయాలి, గుంటలు వానకి ముందే తవ్వాలి. 2024లో ఎన్నికలు కదా, ఫిబ్రవరిలో నాలుగు నెలల ఖర్చుకి సభ ముందస్తు అనుమతి, అదే ఓట్ ఆన్ అకౌంట్, ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలకి ఆర్డినెన్సు, పూర్తి బడ్జెట్ నవంబరు 11న. అప్పటికి నైరుతి వచ్చింది, వెళ్లింది. జనం తప్పుపట్టారు గాని నాకైతే ముచ్చటేసింది, ఎందుకంటే అది కార్తీక సోమవారం. వనభోజనాల సీజను. ఉసిరిచెట్టు కింద కూర్చుని పులిహోర తింటూ అడవిని తలుచుకోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం పంతులుగారు కూడా పెట్టలేరు. తవ్వేసిన రుషికొండకి ఆకుపచ్చ మ్యాట్ కప్పి పచ్చదనం చూసుకున్న ఊరు మాది, మాకు ఇలాంటివి తొందరగానే అర్థమవుతాయి.

పద్దు పాసవడం వేరు, డబ్బు రావడం వేరు అని ఈ మధ్యే తెలుసుకున్నాను. ఊరి చివర ఒక నర్సరీకి వెళ్లాను, ఎవరిదో చెప్పను, ఆ పెద్దాయన ఉద్యోగం నాకెందుకు. కరివేపాకు పోయిన చోట ఏదైనా పెడదామని. వరసలు వరసలుగా నల్ల పాలిథీన్ సంచుల్లో కానుగ, నేరేడు, వేప. కొన్ని నా నడుము దాటాయి, వెనక వరసలో ఒక నేరేడు నా కన్నా పొడుగుంది. సంచి మాత్రం అదే, అరచేతి వెడల్పుది.

"ఇవి ఎప్పటివి బాబాయ్?"

"రెండు వానలు ఎల్లిపోనాయి బాబూ. బండి ఒస్తేగదా, అట్టుకెళ్లి నాటడానికి."

బండి ఎందుకు రాలేదంటే, పాత బండి బిల్లే ఇంకా రాలేదట. బిల్లు ఆన్‌లైన్లో పెట్టారు, టోకెన్ పడింది, డబ్బు పడలేదు. సంచుల్ని కొన్ని వారాలకోసారి అటూ ఇటూ కదుపుతూ ఉండాలట, లేకపోతే వేరు అడుగున పొడుచుకొస్తుందట. కదపడానికి కూలీలు కావాలి, కూలీలకి మళ్లీ బిల్లు, బిల్లుకి మళ్లీ టోకెన్.

"మరి నువ్వు?"

"నాకా? మూడు నెలలది ఆగిపోనాది. ఒస్తాది లెండి," అని చేతిలో ఉన్న మగ్గుతో నేరేడుకి నీళ్లు పోశాడు.

నాకు ఆ నేరేడే నచ్చింది. వంగి రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయాను. కదల్లేదు. సంచి అడుగు ఎప్పుడో చీలిపోయి, బొటనవేలంత వేరు నేలలోకి దిగిపోయింది. పక్కదీ అంతే, ఆ పక్కదీ అంతే. ఎవరూ నాటకుండా, ఏ మంత్రీ ఫొటో దిగకుండా, వరస మొత్తం ఉన్నచోటే అడవైపోతోంది.

"అది మరి రాదు బాబూ," అన్నాడు పెద్దాయన. లోపలికెళ్లి రిజిస్టరు తెచ్చి చూపించాడు. అందులో అది ఇంకా అడుగున్నర మొక్కే, సంచితో సహా స్టాకులో ఉంది.